యాంటీవైరస్ పట్టుకున్న ఫైల్: నమ్మాలా, వదిలేయాలా?

2022 సెప్టెంబర్ 4, ఆదివారం. విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచిన చాలామందికి తెర మూలన, విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ హెచ్చరిక వచ్చింది. 'హైవ్.జెడ్‌వై' అనే ముప్పు దొరికిందని దాని సారాంశం. సరే, తొలగించమని నొక్కి మళ్లీ క్రోమ్ తెరిస్తే మళ్లీ అదే హెచ్చరిక. ఎడ్జ్ తెరిచినా అదే, డిస్కార్డ్ తెరిచినా అదే, స్పాటిఫై, వాట్సాప్ డెస్క్‌టాప్ తెరిచినా అదే. ఆ రోజుల్లో ఆస్పత్రుల, కంపెనీల డేటాకి తాళం వేసి డబ్బు గుంజుతున్న ఒక రాన్సమ్‌వేర్ ముఠా పేరు కూడా హైవ్. ఆ పేరు చూసేసరికి ఎవరికైనా టెన్షన్ వస్తుంది. తీరా చూస్తే అక్కడ ఏ వైరస్సూ లేదు. మైక్రోసాఫ్ట్ పంపిన కొత్త గుర్తింపు సమాచారంలోనే తేడా ఉంది. క్రోమ్ బ్రౌజర్‌కి ఆధారమైన క్రోమియం, దాని మీదే డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్ పునాదిగా తయారైన యాప్‌ల మామూలు నడవడికనే అది ముప్పుగా లెక్కగట్టింది. ఆ తర్వాతి అప్‌డేట్‌తో సరిచేశారు.

ఆరు నెలల తర్వాత దీనికి పూర్తి వ్యతిరేకమైన సంఘటన జరిగింది. 3సీఎక్స్ అనేది ఇంటర్నెట్ ద్వారా ఆఫీసు ఫోన్ కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్. తమకు 6 లక్షల కంపెనీలు కస్టమర్లుగా ఉన్నాయని, రోజూ 1.2 కోట్ల మంది వాడతారని ఆ సంస్థ చెప్పుకునేది. 2023 మార్చి 22 నుంచి దాని డెస్క్‌టాప్ యాప్‌ని సెంటినెల్‌వన్ వంటి భద్రతా సాఫ్ట్‌వేర్లు అడ్డుకోవడం మొదలుపెట్టాయి. యాప్ వచ్చింది కంపెనీ సొంత అప్‌డేట్ ద్వారానే. దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం కూడా సరిగ్గానే ఉంది. అందుకే ఇది తప్పుడు హెచ్చరికే అయి ఉంటుందని చాలామంది అడ్మిన్లు అనుకున్నారు. మీ యాంటీవైరస్ కంపెనీనే అడగండి అని 3సీఎక్స్ సిబ్బంది కూడా మొదట్లో అన్నారు. మార్చి 29న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ అసలు సంగతి బయటపెట్టింది. యాప్‌తో పాటు వచ్చే ఒక డీఎల్ఎల్ ఫైల్‌లో (ప్రోగ్రామ్‌లు అవసరమైనప్పుడు పిలిచి వాడుకునే కోడ్ ఉండే ఫైల్) దాడి చేసేవాళ్ల కోడ్ దూరింది. దర్యాప్తు చేసిన మాండియంట్ సంస్థ దీని వెనక ఉత్తర కొరియా హ్యాకర్లు ఉన్నారని తేల్చింది.

కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఈ రెండు సందర్భాల్లోనూ కనిపించేది ఒకటే: ఎర్ర గుర్తు, అర్థంకాని పేరు, రెండు బటన్లు. హెచ్చరిక నిజమో కాదో ఆ హెచ్చరికను చూసి చెప్పలేం. దాని చుట్టూ ఉన్న విషయాలను చూసి చెప్పాలి. అది కష్టమేమీ కాదు. కానీ యాంటీవైరస్ ఆ నిర్ణయానికి ఎలా వచ్చిందో ముందు కొంచెం తెలియాలి.

యాంటీవైరస్‌కి ఎలా తెలుస్తుంది

యాంటీవైరస్ అంటే దొంగల ఫొటోల ఆల్బమ్ లాంటిదని, ఫైల్ ఆ ఫొటోతో సరిపోలితే పట్టేస్తుందని చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు అది నిజమే. తెలిసిన వైరస్‌లోని బైట్ల వరుసను గుర్తుపెట్టుకుని, అదే వరుస ఇంకెక్కడైనా కనిపిస్తే పట్టుకునేది. దీన్నే సిగ్నేచర్ అంటారు. ఇప్పుడు ఇదొక్కటే సరిపోదు. వైరస్ రాసేవాళ్లు రోజుకో రూపం మార్చి వదులుతున్నారు. అందుకని ఒక్కో ఫైల్‌ని కాకుండా ఒక కుటుంబం మొత్తాన్ని పట్టే వదులు సిగ్నేచర్లు వచ్చాయి. ఫైల్ నిర్మాణాన్ని చూసి అనుమానించే పద్ధతులు వచ్చాయి. ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు ఏం చేస్తోందో కనిపెట్టే నిఘా వచ్చింది. లక్షల ఫైళ్లు చూపించి శిక్షణ ఇచ్చిన మెషీన్ లెర్నింగ్ మోడళ్లు వచ్చాయి. వీటికి తోడు, ఈ ఫైల్‌ని ప్రపంచంలో ఇంకెంతమంది వాడుతున్నారు అని క్లౌడ్‌ని అడగడం కూడా ఉంది.

మొదటి పద్ధతి తప్ప మిగతావన్నీ ఊహలే. మంచి ఊహలే, చాలావరకు నిజమయ్యేవే, కానీ ఊహలు. ఇది ఏదో ఒక కంపెనీ చేతకానితనం కాదు. 'కంప్యూటర్ వైరస్' అన్న మాటను శాస్త్రీయంగా మొదట వాడినవారిలో ఒకరైన ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే ఒక విషయం నిరూపించాడు. ఏ ప్రోగ్రామ్‌ని ఇచ్చినా అది వైరస్సో కాదో తప్పు లేకుండా చెప్పే ప్రోగ్రామ్‌ని రాయడం అసాధ్యం. ఆయన వాదన చాలా చిన్నది. అలాంటి సంపూర్ణ స్కానర్ ఒకటి ఉందనుకుందాం. దాన్నే తన లోపల పెట్టుకుని, 'నేను వైరస్‌నా?' అని దాన్నే అడిగే ప్రోగ్రామ్ ఒకటి రాద్దాం. స్కానర్ అవునంటే అది ఏమీ చేయకుండా ఊరుకుంటుంది, కాదంటే వ్యాపిస్తుంది. స్కానర్ ఏం చెప్పినా తప్పే అవుతుంది. కాబట్టి ప్రతి యాంటీవైరస్ కంపెనీ ముందూ రెండే దారులుంటాయి: అనుమానాన్ని పెంచి అప్పుడప్పుడు అమాయక ఫైళ్లను పట్టుకోవడం, లేదా అనుమానాన్ని తగ్గించి అప్పుడప్పుడు అసలు వైరస్‌ను వదిలేయడం. రెండూ సున్నా చేయడం ఎవరి వల్లా కాదు.

ఈ తప్పుల వల్ల జరిగిన నష్టమూ చిన్నది కాదు. 2007 మేలో సిమాంటెక్ యాంటీవైరస్ చైనీస్ విండోస్ ఎక్స్‌పీలోని రెండు సిస్టమ్ ఫైళ్లను ట్రోజన్‌గా (మంచి ప్రోగ్రామ్‌లా నటించే దొంగ ప్రోగ్రామ్‌గా) భావించి తీసేసింది. ఆ కంప్యూటర్లు మళ్లీ బూట్ కాలేదు. 2008లో ఏవీజీ విండోస్‌కి ప్రాణం లాంటి యూజర్32 డీఎల్ఎల్‌నే పట్టుకుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ పంపిన 5958 నంబరు అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3లోని ఎస్‌వీసీహోస్ట్ అనే సిస్టమ్ ఫైల్‌ని వైరస్ అనుకుంది. ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. 2012లో సోఫోస్ యాంటీవైరస్ తన సొంత అప్‌డేటర్‌నే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అంది. దాంతో ఆ తప్పును సరిదిద్దే అప్‌డేట్ కొన్ని కంప్యూటర్లకు చేరే దారి కూడా మూసుకుపోయింది.

చిన్న ప్రోగ్రామ్‌లే ఎక్కువగా ఎందుకు దొరుకుతాయి

క్రోమ్‌నో, విండోస్ ఫైల్‌నో తప్పుగా పట్టుకుంటే గంటల్లో గోల అవుతుంది, కంపెనీ పరుగెత్తుకొచ్చి సరిచేస్తుంది. వందమంది కూడా వాడని చిన్న ప్రోగ్రామ్‌కి ఆ అదృష్టం లేదు. అసలు సమస్య ఎక్కువగా ఉన్నది అక్కడే కాబట్టి ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూద్దాం.

బీటెక్ చదివే అమ్మాయి ఒకరు ఫొటోల పేర్లను తేదీ ప్రకారం మార్చే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసిందనుకోండి. పైథాన్ లేని కంప్యూటర్లలో కూడా పనిచేయాలని పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో దాన్ని ఒకే ఈఎక్స్ఈ ఫైల్‌గా మార్చి స్నేహితులకు పంపింది. ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయగానే ఏం జరుగుతుంది? దాని మొదట్లో ఉన్న, మిగతా అన్నిటినీ నడిపించే చిన్న కోడ్ అయిన బూట్‌లోడర్ లేచి, టెంప్ ఫోల్డర్‌లో వింత పేరుతో కొత్త ఫోల్డర్ సృష్టిస్తుంది. తన లోపల కుదించి పెట్టుకున్న పైథాన్‌ని, డీఎల్ఎల్‌లను, స్క్రిప్ట్‌ని అందులోకి విప్పుతుంది. అక్కడి నుంచి వాటిని నడుపుతుంది. పని అయ్యాక ఆ ఫోల్డర్‌ని చెరిపేస్తుంది. ఇప్పుడు దీన్నే యాంటీవైరస్ వైపు నుంచి చూడండి. ఎవరికీ తెలియని ఫైల్, సంతకం లేదు, లోపల ఏముందో కనిపించకుండా కుదించి ఉంది, నడవగానే టెంప్‌లో కోడ్ దించి, నడిపి, ఆనవాళ్లు తుడిచేసింది. మాల్‌వేర్‌ను దించే డ్రాపర్ కూడా అచ్చం ఇదే చేస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. పైఇన్‌స్టాలర్ బూట్‌లోడర్ అందరికీ ఒకటే. ఆ అమ్మాయి ఫైల్ ముందు భాగంలో ఉన్న కోడే, పైథాన్‌లో పాస్‌వర్డ్ దొంగలను రాసేవాడి ఫైల్ ముందు భాగంలోనూ ఉంటుంది. ఆ దొంగ ఫైల్‌కి ఏదో ఒక యాంటీవైరస్ సిగ్నేచర్ తయారుచేసేటప్పుడు పొరపాటున బూట్‌లోడర్ ముక్కను అందులో కలిపితే, ఈ అమ్మాయి ప్రోగ్రామ్ కూడా అదే వలలో పడుతుంది. బూట్‌లోడర్‌ని దాని సోర్స్ కోడ్ నుంచి తన కంప్యూటర్‌లోనే కొత్తగా తయారు (కంపైల్) చేసుకుంటే చాలాసార్లు ఈ హెచ్చరికలు మాయమవడానికి కారణం ఇదే. తన స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం కూడా మారదు.

కంప్యూటర్ పనులను తమంతట తామే జరిగేలా చేసే ఆటోహాట్‌కీ, ఆటోఇట్ స్క్రిప్ట్‌లతో చేసిన ఈఎక్స్ఈలకూ, యూపీఎక్స్ అనే టూల్‌తో సైజు తగ్గించిన ఫైళ్లకూ ఇదే గతి. తెలుగు వాళ్లకు దగ్గరి ఉదాహరణ టైపింగ్ టూల్స్. ఇంగ్లీషు కీబోర్డు మీద కొట్టిన కీని మధ్యలో ఆపి, తెలుగు అక్షరంగా మార్చి పంపాలంటే, ఏ యాప్‌లో టైప్ చేస్తున్నా ప్రతి కీనీ ఆ ప్రోగ్రామ్ వినాలి. విండోస్‌లో దీనికి సాధారణంగా వాడే దారి కీబోర్డ్ హుక్. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్ కూడా అదే దారి వాడుతుంది. ఒకటి కీని అక్షరంగా మారుస్తుంది, ఇంకొకటి ఫైల్‌లో రాసి ఎవరికో పంపుతుంది. మొదటి సగం ఇద్దరికీ ఒకటే. ఎవరో ఆసక్తితో రాసి, సంతకం లేకుండా ఉచితంగా పెట్టిన టైపింగ్ టూల్‌ని యాంటీవైరస్ అనుమానిస్తే అందులో విచిత్రం ఏమీ లేదు.

మూడో రకం ఇంకా తిరకాసుది. నిర్‌సాఫ్ట్ పేరుతో దొరికే చిన్న టూల్స్‌ని సిస్టమ్ రిపేర్ చేసేవాళ్లు చాలా ఏళ్లుగా వాడుతున్నారు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు చూపించే టూల్ వాటిలో ఒకటి. అది చెప్పిన పనే చేస్తుంది, ఎవరికీ ఏమీ పంపదు. కానీ దాడి చేసేవాళ్లు కూడా దాన్నే తెచ్చి వాడుకుంటారు. అందుకే యాంటీవైరస్‌లు వాటిని హ్యాక్‌టూల్ అనో, అవాంఛిత ప్రోగ్రామ్ అనో పట్టుకుంటాయి. ఇది తప్పుడు హెచ్చరిక అనడం నాకు సరి కాదనిపిస్తుంది. 'ఈ పనిముట్టు ఇక్కడ ఎందుకుంది?' అని యాంటీవైరస్ అడుగుతోంది. తెచ్చింది మీరే అయితే సమాధానం మీకు తెలుసు. మీరు తేకపోతే మాత్రం అది చాలా పెద్ద ప్రశ్న.

ఎక్కడి నుంచి వచ్చింది: అసలు లెక్క ఇక్కడే ఉంది

నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. మీ యాంటీవైరస్ అసలు వైరస్‌ను ఎప్పుడూ వదలదు, మంచి ఫైల్‌ని 10,000లో ఒక్కసారి మాత్రమే తప్పుగా పట్టుకుంటుంది అనుకుందాం. ఇంత గొప్ప యాంటీవైరస్ ఉండదు, అయినా అనుకుందాం. ఎప్పటినుంచో శుభ్రంగా వాడుతున్న కంప్యూటర్లు కొన్నింటిలో కలిపి 10 లక్షల ఫైళ్లు స్కాన్ చేస్తే, వాటిలో నిజంగా చెడ్డవి 10 ఉంటే, హెచ్చరికలు ఎన్ని వస్తాయి? నిజమైనవి 10, తప్పుడువి సుమారు 100. అంటే ప్రతి 11 హెచ్చరికల్లో 10 తప్పుడువే. ఇప్పుడు అదే యాంటీవైరస్‌తో, క్రాక్ సాఫ్ట్‌వేర్ (డబ్బు కట్టకుండా వాడేలా లైసెన్స్ తాళం తీసేసిన సాఫ్ట్‌వేర్) పంచే చోట్ల నుంచి దించిన 1,000 ఫైళ్లు స్కాన్ చేద్దాం. వాటిలో 200 చెడ్డవనుకుందాం. నిజమైన హెచ్చరికలు 200, తప్పుడువి ఒకటి కూడా రావడం కష్టం.

యాంటీవైరస్ అదే, దాని కచ్చితత్వమూ అదే. అయినా ఒకచోట హెచ్చరిక దాదాపు ఎప్పుడూ తప్పు, ఇంకోచోట దాదాపు ఎప్పుడూ ఒప్పు. మార్చింది ఒక్కటే, ఫైల్ వచ్చిన దారి. అందుకే ఎవరైనా 'నా యాంటీవైరస్ ఈ ఫైల్‌ని పట్టుకుంది, పర్లేదా?' అని అడిగితే, మొదటి ప్రశ్న యాంటీవైరస్ గురించి కాదు, 'ఎక్కడి నుంచి దించావు?' అని ఉండాలి.

ఈ లెక్కలో చూస్తే మన చుట్టూ జరిగే కొన్ని వాడుకలు ఎంత ప్రమాదకరమో అర్థమవుతుంది. ఫొటోషాప్, పేజ్‌మేకర్, విండోస్ యాక్టివేటర్, గేమ్ క్రాక్ ఏదైనా సరే, దానితో పాటు వచ్చే టెక్స్ట్ ఫైల్‌లో ఒక వాక్యం ఉంటుంది: ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి, క్రాక్ కాబట్టి తప్పుగా పట్టుకుంటుంది, భయపడకండి. ఈ మాట సగం నిజం కాబట్టే అందరూ నమ్ముతారు. క్రాక్ అనేది ఇంకో ప్రోగ్రామ్‌ని మార్చేస్తుంది కాబట్టి, దాని లోపల దొంగ కోడ్ ఏమీ లేకపోయినా యాంటీవైరస్ పట్టుకోవడం సహజమే. సరిగ్గా ఆ నిజం వెనకే దొంగ కోడ్ దాక్కుంటుంది. క్రాక్ పనిచేస్తుంది, ఫొటోషాప్ తెరుచుకుంటుంది, బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లూ, మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లు గుర్తుపట్టే కుకీలూ బయటికి పోతాయి. పని అయింది కదా అని ఎవరికీ అనుమానం రాదు. యాంటీవైరస్ ఆపమని అడిగే ఏ ఇన్‌స్టాలర్‌నీ నేనైతే నమ్మను.

ఫోన్‌లో అయితే ఇంకా తేలిక. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి పత్రిక అనో పేరు పెట్టి వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైల్‌ని గూగుల్ ప్లే ప్రొటెక్ట్ రక్షణ ఆపితే అక్కడ ఆలోచించాల్సిందే లేదు. చలానా చూడటానికి ఎవరూ వాట్సాప్‌లో యాప్ పంపరు. మీ బంధువు నంబరు నుంచే వచ్చినా సరే, వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతికి పోయి ఉండొచ్చు.

అయితే దారి మంచిదైతే చాలా? చాలదనడానికి 3సీఎక్స్ ఒక్కటే సాక్ష్యం కాదు. 2017 ఆగస్టు 15 నుంచి సెప్టెంబర్ 12 వరకు కంప్యూటర్‌లో చెత్త ఫైళ్లు తీసేసే సీక్లీనర్ 5.33 వెర్షన్‌ని దాని అధికారిక సర్వర్ నుంచే దించుకున్న వాళ్లందరికీ మాల్‌వేర్ కలిసిన ఫైలే అందింది. దాని మీద సరైన సంతకం కూడా ఉంది. సుమారు 22.7 లక్షల మంది ఆ వెర్షన్ వాడారు. ఇరాన్ అణు కేంద్రాన్ని దెబ్బతీసిన స్టక్స్‌నెట్ వైరస్ డ్రైవర్ల మీద రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల సంతకాలు ఉన్నాయి, దొంగిలించిన సర్టిఫికెట్లతో చేసినవి. డిజిటల్ సంతకం చెప్పేది రెండే విషయాలు: ఈ ఫైల్ మీద ఎవరి తాళంచెవితో ముద్ర పడింది, ఆ తర్వాత ఫైల్ మారిందా లేదా. ముద్ర పడే ముందే లోపలికి ఏదైనా దూరితే అది చెప్పలేదు.

అందుకని రెండో ప్రశ్న కూడా అడగాలి: యాంటీవైరస్ మోపిన నేరానికీ, ఈ ప్రోగ్రామ్ చేయాల్సిన పనికీ పొంతన ఉందా? టైపింగ్ టూల్ కీబోర్డు వింటోంది అంటే పొంతన ఉంది. ఆఫీసు ఫోన్ యాప్, కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లోని ఐకాన్ ఫైళ్లు తెచ్చి, వాటి చివర దాచిన చిరునామాలు చదువుతోందంటే? 3సీఎక్స్‌లో జరిగింది అదే. నిన్నటిదాకా బాగానే ఉన్న ప్రోగ్రామ్ కొత్త అప్‌డేట్ తర్వాతే, ఒకదానితో ఒకటి సంబంధం లేని భద్రతా సంస్థలకు, అదీ నడవడిక చూసి పట్టుబడితే అక్కడ ఆగాల్సిందే, దారి ఎంత మంచిదైనా.

హెచ్చరికలోని పేరు చదవడం

అంత పొడుగు పేరులో పనికొచ్చే సమాచారం ఉంటుంది. జెన్, జెనరిక్, వేరియంట్, హ్యూర్ లాంటి ముక్కలుంటే అది వదులు సిగ్నేచర్ లేదా ఊహ అని అర్థం. డిఫెండర్ పేర్ల చివర 'ఎంఎల్' అని ఉంటే మెషీన్ లెర్నింగ్ మోడల్ అనుమానించిందని. వకాటాక్ అనే పేరు చివర ఇది తగిలించి వచ్చే హెచ్చరిక చిన్న డెవలపర్లందరికీ బాగా తెలిసిన తలనొప్పి. పీయూఏ అంటే వైరస్ కాదు, ప్రకటనలనో టూల్‌బార్లనో అంటగట్టే అవాంఛిత సరుకు. అలా కాకుండా రెడ్‌లైన్ వంటి ఫలానా దొంగ కుటుంబం పేరు స్పష్టంగా పెట్టి, పక్కన ఎంఎల్ లాంటివి ఏమీ లేకపోతే దాన్ని ఇంకా సీరియస్‌గా తీసుకోవాలి. అలాగని జెనరిక్ అన్నంత మాత్రాన వదిలేయకూడదు. నిన్న పుట్టిన కొత్త మాల్‌వేర్‌కి ఇంకా పేరు పెట్టి ఉండరు, అదీ మొదట జెనరిక్‌గానే దొరుకుతుంది.

ఏం చేయాలి

మొదట, ఏమీ చేయకండి. ఫైల్ క్వారంటైన్‌లో ఉంటే అది నడవదు, పోదు కూడా. యాంటీవైరస్ దాన్ని మార్చి ఒక పక్కన పెట్టింది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. డిఫెండర్‌లో అయితే ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. కొన్ని యాంటీవైరస్‌లు కొన్నాళ్లకు క్వారంటైన్‌ని ఖాళీ చేస్తాయి కాబట్టి ముఖ్యమైన ఫైలైతే ఆ సెట్టింగ్ చూసుకోండి. పని ఆగిపోతోందన్న తొందరలో 'అలౌ' నొక్కడం, భయంతో డిలీట్ చేయడం రెండూ అవసరం లేదు. ఒక రోజు ఆగితే నష్టం లేని పని అయితే ఆగడమే మంచి మార్గం. తప్పుడు హెచ్చరికలు చాలావరకు తర్వాతి అప్‌డేట్లలో పోతాయి. నిజమైనవైతే పట్టుకునే యాంటీవైరస్‌ల సంఖ్య రోజురోజుకీ పెరుగుతుంది. కాలం ఇచ్చే ఈ ఆధారం చాలా బలమైనది, పైగా ఉచితం.

ఈలోగా ఆ ప్రోగ్రామ్ తయారుచేసిన వాళ్ల సొంత సైట్ నుంచి కొత్తగా దించి చూడండి. గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన లింకులు నొక్కొద్దు, ఉచిత సాఫ్ట్‌వేర్ల పేరుతో నకిలీ సైట్లు ఆ ప్రకటనల ద్వారానే జనాన్ని లాగుతాయి. చాలా ప్రాజెక్టులు తమ ఫైల్‌కి వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్‌ని సైట్‌లో పెడతాయి. 64 అక్షరాల ఆ వరుస, ఫైల్‌లో ఒక్క బిట్ మారినా పూర్తిగా మారిపోతుంది. 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్‌లోనే హ్యాష్ చూపించే మెనూ ఉంటుంది. రెండూ సరిపోలితే మీకు అందింది వాళ్లు పెట్టిన ఫైలే. సంతకం చూడాలంటే ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ ఉంటుంది.

తర్వాత వైరస్‌టోటల్. 2004లో స్పెయిన్‌లోని మాలగాలో పుట్టి, 2012లో గూగుల్ చేతికి వచ్చిన ఈ సర్వీస్ ఒక ఫైల్‌ని సుమారు 70 యాంటీవైరస్ ఇంజిన్లతో పరీక్షిస్తుంది. అందరూ వాడతారు, కానీ ఫలితాన్ని చాలామంది తప్పుగా చదువుతారు. '70లో 6' అంటే ఆరుగురు సాక్షులు అని కాదు. బిట్‌డిఫెండర్ ఇంజిన్‌ని ఎమ్‌సిసాఫ్ట్, ఈస్కాన్, జీ డేటా వంటివి కూడా అద్దెకు తెచ్చుకుని వాడతాయి. బిట్‌డిఫెండర్ ఒక్కటి పొరపడితే ఆ అరడజనూ ఒకే పేరుతో పట్టుకుంటాయి. ఏవీజీ, అవాస్ట్ ఎటూ ఒకే ఇల్లు. కాబట్టి ఎన్ని అని కాకుండా, పేర్లు వేరువేరుగా ఉన్నాయా, సొంత ఇంజిన్ ఉన్న పెద్ద సంస్థలు ఏమన్నాయి అని చూడాలి.

ఒకరిని చూసి ఒకరు పట్టుకోవడం కూడా ఉంది. ఆ మధ్య, 2010 ప్రాంతంలో, కాస్పర్‌స్కీ ఒక ప్రయోగం బయటపెట్టింది. ఏ హానీ లేని 20 ఫైళ్లు తయారుచేసి, వాటిలో 10 ఫైళ్లను తమ యాంటీవైరస్ కావాలనే మాల్‌వేర్‌గా చూపేలా చేసి, అన్నిటినీ వైరస్‌టోటల్‌లో పెట్టింది. పది రోజులు తిరిగేసరికి ఆ పదింటినీ ఇంకో 14 కంపెనీల దాకా మాల్‌వేర్ అన్నాయి. అప్పటికీ ఇప్పటికీ పద్ధతులు మారాయి. కానీ సంఖ్య పెరిగినంత మాత్రాన ప్రతి ఒక్కరూ విడిగా పరీక్షించారని అనుకోకూడదు.

ఆ పేజీలోనే ఇంకో మంచి ఆధారం ఉంటుంది: ఈ ఫైల్ మొదటిసారి ఎప్పుడు కనిపించింది. మూడేళ్ల క్రితం నుంచి తిరుగుతున్న ఫైల్‌ని ఈరోజు ఒక్కరు పట్టుకుంటే అది బహుశా తప్పుడు హెచ్చరిక. మీరు దించింది 'ప్రసిద్ధ' ప్రోగ్రామ్ అయి ఉండి, ఆ హ్యాష్ వైరస్‌టోటల్‌లో ఇంతవరకు ఎవరూ చూడనిదైతే అది అనుమానించాల్సిన సంగతే. అందుకే ఫైల్ ఎక్కించే ముందు హ్యాష్‌తో వెతకండి. ఎక్కించిన ఫైళ్లను భద్రతా కంపెనీలూ డబ్బు కట్టిన పరిశోధకులూ దించుకోగలరు. జీతాల ఎక్సెల్ షీటూ, క్లయింట్ల ఆధార్ కాపీలున్న జిప్ ఫైలూ అక్కడ పెట్టకూడదు.

ఇంకా తేలకపోతే విండోస్ ప్రో వెర్షన్లలో విండోస్ శాండ్‌బాక్స్ ఉంటుంది. మూసేయగానే అంతా చెరిగిపోయే తాత్కాలిక విండోస్ అది. అందులో నడిపి చూడొచ్చు. కానీ అందులో ఏమీ జరగనంత మాత్రాన మంచి ఫైల్ అని కాదు. 3సీఎక్స్‌లోని కోడ్ కనీసం ఏడు రోజులు నిద్రపోయి ఆ తర్వాతే పని మొదలుపెట్టేది.

తప్పుడు హెచ్చరికే అని మీకు నమ్మకం కుదిరితే యాంటీవైరస్ కంపెనీకి పంపండి. మైక్రోసాఫ్ట్‌తో సహా అందరికీ నమూనాలు పంపే పేజీ ఉంటుంది, మన క్విక్ హీల్‌కీ ఉంది. చిన్న డెవలపర్‌కి ఇది ఎంత మేలో చెప్పలేను. ప్రోగ్రామ్ మీద డిజిటల్ సంతకం పెట్టడానికి కావాల్సిన కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ ఏటా డబ్బుతో కూడిన పని, 2023 జూన్ నుంచి దాని తాళంచెవిని హార్డ్‌వేర్ టోకెన్ లాంటి భద్రమైన చోటే ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉచితంగా టూల్ ఇచ్చే మనిషి ఆ ఖర్చు ఎందుకు పెట్టుకోవాలి? అతని తరఫున ఇద్దరు వాడకందారులు రిపోర్ట్ చేస్తే ఆ హెచ్చరిక పోయే అవకాశం ఉంది.

ఎక్స్‌క్లూజన్ పెట్టాల్సి వస్తే ఆ ఒక్క ఫైల్‌కే పెట్టండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తానికో, డీ డ్రైవ్ మొత్తానికో మినహాయింపు ఇచ్చి మర్చిపోయిన కంప్యూటర్లు ఆఫీసుల్లో ఎన్నో ఉంటాయి. వీలైతే ఈరోజే ఆ జాబితా తెరిచి చూడండి. మీరు పెట్టనిది ఏదైనా అందులో కనిపిస్తే జాగ్రత్త పడాలి, లోపలికి వచ్చిన మాల్‌వేర్ తనకు తానే మినహాయింపు రాసుకోవడం మామూలే.

అప్పటికే నడిపేసి ఉంటే

యాంటీవైరస్ ఆపేసి ప్రోగ్రామ్ నడిపారు, తర్వాత అనుమానం వచ్చింది. అప్పుడు నెట్ తీసేయండి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ లాంటి రెండో స్కానర్‌ని వేరే కంప్యూటర్‌లో దించి తెచ్చి నడపండి. అది దించిన పది రోజుల దాకే పనిచేస్తుంది కాబట్టి పాత కాపీ వాడొద్దు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రలో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి. స్కాన్ శుభ్రంగా వచ్చినా పని పూర్తి కాలేదు. పాస్‌వర్డ్ దొంగలు చాలావరకు నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోతాయి, మీరు వెతికే సమయానికి అక్కడ ఏమీ ఉండదు. వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకువి మార్చండి. ప్రతి ఖాతాలోనూ 'అన్ని పరికరాల నుంచి లాగౌట్' అనే ఆప్షన్ వాడండి. దొంగిలించింది కుకీలైతే పాస్‌వర్డ్ మార్చినా పాత సెషన్‌తో వాళ్లు లోపలే ఉండగలరు, ఓటీపీ కూడా అడగదు. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.